పాటకు వాయించిన చెయ్యి: ఆటోమేటిక్ సహవాద్యంలో మనుషుల మిడి ట్రాకులపై ఒక సమీక్ష

వేములవాడకు దగ్గర్లోని మా పల్లెలో భజన మండలి సోమవారం రాత్రి కూర్చుంటుంది. వేములవాడ గుడిలో రాజన్నకు కోడె మొక్కు తీర్చుకొని వచ్చినవాళ్ళు, పొద్దంతా వరి నాట్లలో ఉండి వచ్చినవాళ్ళు, అంతా కలిపి పది పదిహేను మంది. హార్మోనియం పోయి కీబోర్డ్ వచ్చి చాలా ఏళ్ళయింది. నిరుడు మా ఢోలక్ పెద్దాయన కంటి ఆపరేషన్ చేయించుకొని నెల రోజులు రాలేదు. ఆ నెలంతా కీబోర్డ్‌లోని దాద్రా రిథమ్ వేసుకొని పాడుకున్నాం. తాళం తప్పలేదు, పాట ఆగలేదు. ఆయన తిరిగి వచ్చిన రాత్రి గోడకు ఆనుకొని కూర్చొని రెండు పాటలు విన్నాడు. తర్వాత కీబోర్డ్ పిల్లవాణ్ణి దగ్గరికి పిలిచి, “మంచిగనే కొడుతున్నది తమ్మీ. కని మీరు దమ్ము తీసుకున్నప్పుడు అది తీసుకుంటలేదు” అన్నాడు.

పాటకు తోడు వాయించే యంత్రాల మీద 60 ఏళ్ళకు పైగా ప్రపంచంలో జరిగిన పనిని చదువుతుంటే, అదంతా ఆ పెద్దాయన మాటకు జవాబు వెతకడమే అనిపిస్తుంది. ఆ వెతుకులాటలో ఒక పెద్ద మలుపు, వాద్యకారులు స్వయంగా వాయించిన మిడి ట్రాకులను సాఫ్ట్‌వేర్‌లో వాడటం. ఎవరో మౌస్‌తో గీసిన లయకు బదులు మనిషి చెయ్యి కదిలిన తీరునే దాచిపెట్టి, దాన్ని కావలసిన శ్రుతికి, వేగానికి మలుచుకోవడం. ఈ పద్ధతి ఎక్కడ పుట్టింది, ఏమిచ్చింది, ఏమివ్వలేకపోయింది, ఉత్తర తెలంగాణ పాటకు దీనివల్ల ఒరిగేదేమిటి? ఈ ప్రశ్నలను ఒక వరుసలో పెట్టి చూద్దాం.

పెట్టెలోకి లయ వచ్చిన దారి

1959లో అమెరికాలో వర్లిట్జర్ కంపెనీ సైడ్‌మ్యాన్ అనే రిథమ్ పెట్టెను తెచ్చింది. లోపల ఒక లోహపు చెయ్యి గుండ్రంగా తిరుగుతూ దారిలో ఉన్న బిళ్ళలను తాకుతుంది. తాకినప్పుడల్లా ఒక దెబ్బ వినిపిస్తుంది. మన గుళ్ళలో చాలాచోట్ల హారతి వేళ మోటారుతో మోగే నగారా, గంటల యంత్రం చూసినవాళ్ళకు ఇది కొత్తగా అనిపించదు. చక్రం తిరిగినంతసేపు దెబ్బ పడుతుంది. అయ్యగారి మంత్రం ముందు ముగిసినా వెనక ముగిసినా చక్రానికి తెలియదు.

జపాన్‌లో ఇకుటారో కాకెహాషి 1960ల్లో ఏస్ టోన్ పేరుతో ఇలాంటి పెట్టెలే తయారు చేశారు. 1972లో ఆయనే రోలాండ్ కంపెనీని స్థాపించారు. వేర్వేరు కంపెనీల వాద్యాలు ఒకదాని మాట ఒకటి వినాలంటే అందరికీ ఒకే భాష కావాలని ఆయన, అమెరికాకు చెందిన డేవ్ స్మిత్ పట్టుబట్టారు. 1983 జనవరిలో అమెరికాలో జరిగిన నామ్ వాద్య ప్రదర్శనలో ఇద్దరి కంపెనీల సింథసైజర్లను ఒక తీగతో కలిపి, ఒకదాన్ని వాయిస్తే రెండోది మోగేలా చూపించారు. ఆ భాషే మిడి. అందుకే 2013లో ఇద్దరికీ సాంకేతిక గ్రామీ పురస్కారం వచ్చింది.

మాకు పక్కనే నేతన్నల ఊరు సిరిసిల్ల ఉంది కాబట్టి మిడి అంటే ఏమిటో మా పిల్లలకు నేను మగ్గం మీద నుంచే చెబుతాను. జకార్డ్ మగ్గానికి కట్టే అట్టలో బట్ట ఉండదు. ఏ వరుసలో ఏ పోగు లేవాలో, ఏది దిగాలో ఆ రంధ్రాలలో ఉంటుంది. పట్టు పోగు వేస్తే పట్టు చీర, నూలు వేస్తే నూలు చీర. మిడి కూడా అంతే. అందులో ధ్వని ఉండదు. ఏ మెట్టు, ఎప్పుడు, ఎంత జోరుగా నొక్కారు, ఎప్పుడు వదిలారు అన్నదే ఉంటుంది. దాన్ని వీణ ధ్వనితో మోగించినా, పియానో ధ్వనితో మోగించినా చెయ్యి మాత్రం ఒక్కటే.

1990లో కెనడాలోని విక్టోరియా నగరంలో పీటర్ గ్యానన్ నడిపే పీజీ మ్యూజిక్ సంస్థ బ్యాండ్-ఇన్-ఎ-బాక్స్ అనే సాఫ్ట్‌వేర్‌ను విడుదల చేసింది. పాట కార్డులను, అంటే కలిపి మోగే స్వరాల గుంపులను, వరుసగా టైప్ చేసి, ఒక స్టైల్ ఎంచుకుంటే చాలు. బేస్, డ్రమ్స్, పియానో, గిటార్ తమంతట తామే వాయించుకుంటూ పోతాయి. మరోవైపు యమహా, క్యాసియో, కోర్గ్, రోలాండ్ కీబోర్డుల్లో ఎడమ చేత్తో కార్డు పట్టుకుంటే రిథమ్‌తో సహా బ్యాండ్ అంతా మోగడం మామూలైపోయింది. మన దగ్గర పెళ్ళి ఆర్కెస్ట్రాల నుంచి భజన మండళ్ళ దాకా చేరింది ఈ రెండో రకమే.

మూడు రకాల సరుకు

ఈ యంత్రాలన్నిటి లోపల ఉండే సరుకు మూడు రకాలు.

మొదటిది, గీసిన లయ. ఒకరు కూర్చొని గళ్ళ కాగితం లాంటి తెర మీద ఒక్కో దెబ్బనూ సరిగ్గా గీత మీద పెడతారు. ఒకటి రెండు ఆవర్తాల ముక్క తయారవుతుంది. పాట ఉన్నంతసేపు అదే తిరుగుతుంది. మధ్యలో ఫిల్లు, మొదట ఇంట్రో, చివర ఎండింగ్. యమహా స్టైల్ ఫైలును విప్పి చూస్తే లోపల ఉన్నది మామూలు మిడి ఫైలే. కార్డు మారినప్పుడు ఏ స్వరం ఎటు జరగాలో చెప్పే నియమాలు దానికి జతగా ఉంటాయి. ఈ పద్ధతి చవక, తేలిక. ఎంత తిప్పినా ఎంత వేగం మార్చినా విరగదు. పది నిమిషాలు విన్న చెవికి మాత్రం అలసట వస్తుంది.

రెండోది, రికార్డు చేసిన ధ్వని. వాద్యకారుణ్ణి స్టూడియోకు పిలిచి వాయింపంతా మైకులో పట్టేస్తారు. బ్యాండ్-ఇన్-ఎ-బాక్స్‌లో 2000ల చివర్లో ఇలాంటి అసలు వాద్యాల రికార్డింగులు చేరాయి. నాణ్యతలో దీనికి సాటి లేదు. తోలు, కర్ర, వేలు అన్నీ వినిపిస్తాయి. ఇబ్బంది మలుచుకోవడంలో వస్తుంది. వేగం కాస్త మారిస్తే పరవాలేదు, ఎక్కువ మారిస్తే దెబ్బ మొన నలిగిపోతుంది. శ్రుతి ఎక్కువ జరిపితే ఢోలక్ కాస్తా డబ్బాలా వినిపిస్తుంది. సీడీ నాణ్యతలో అయిదు నిమిషాల స్టీరియో ధ్వనికి సుమారు 50 మెగాబైట్లు కావాలి. అంతే నిడివి మిడికి కొన్ని పదుల కిలోబైట్లు చాలు.

మూడోది, ఈ రెంటికీ నడిమి దారి. వాద్యకారుణ్ణి పిలుస్తారు, వాయించమంటారు, కానీ దాచేది ధ్వనిని కాదు, చేతి కదలికను. మిడి కీబోర్డ్, ఎలక్ట్రానిక్ డ్రమ్స్, ప్యాడ్, తీగల మీద సెన్సర్ బిగించిన గిటార్ వంటివి అందుకు సాధనాలు. బ్యాండ్-ఇన్-ఎ-బాక్స్ తర్వాతి రూపాల్లో సూపర్‌ట్రాక్స్ పేరిట వచ్చినవి ఇవే. ఒకటి రెండు ఆవర్తాల ముక్కలకు బదులు, ఒక పియానో కళాకారుడు ఎన్నో కార్డుల మీద చాలాసేపు వాయించిన వాయింపు ఉంటుంది. మీరిచ్చిన కార్డుల వరుసకు తగ్గ ముక్కలను సాఫ్ట్‌వేర్ అందులోంచి కోసి అతుకుతుంది. ధ్వని మీకు నచ్చింది పెట్టుకోవచ్చు, తప్పనిపించిన స్వరాన్ని దిద్దుకోవచ్చు, స్వరలిపిగా అచ్చు వేసుకోవచ్చు. నేర్చుకునే పిల్లలకు ఇది గొప్ప మేలు. ఏ వేలు ఎప్పుడు పడిందో తెర మీద చూస్తూ, సగం వేగంలో పెట్టుకొని, తనూ వాయించి చూసుకోవచ్చు.

చెయ్యి ఏం మిగులుస్తుంది?

గీసిన లయకూ వాయించిన లయకూ తేడా నిజంగా చెవికి తెలుస్తుందా అని అడిగేవాళ్ళున్నారు. లెక్క వేసి చూద్దాం. నిమిషానికి 120 దెబ్బల వేగంలో ఒక్కో దెబ్బకు అర సెకను. ఆ అర సెకనును మిడి సాఫ్ట్‌వేర్ టిక్కులుగా చీలుస్తుంది. 480 టిక్కులుగా చీలిస్తే ఒక్కో టిక్కు సుమారు ఒక మిల్లీసెకను. 120గానే చీలిస్తే నాలుగు మిల్లీసెకన్లకు పైమాటే. మంచి ఢోలక్ చెయ్యి పాటను కొద్దిగా లాగి పట్టుకున్నప్పుడు, కొద్దిగా ముందుకు తోసినప్పుడు జరిగేది పది, ఇరవై మిల్లీసెకన్ల లోపలి వ్యవహారం. అంటే టిక్కులు సన్నగా ఉంటే ఆ లాగుడు మిగులుతుంది, మోటుగా ఉంటే కొంత పోతుంది. రికార్డు చేశాక శుభ్రం చేద్దామని క్వాంటైజ్ బటన్ నొక్కితే మొత్తం పోతుంది. ప్రతి దెబ్బా గీత మీదికి వచ్చి కూర్చుంటుంది. మనిషిని పిలిచి వాయింపజేసి, చివరకు ఆ మనిషినే తుడిచేసినట్టవుతుంది. మన పక్క స్టూడియోల్లో ఇది రోజూ జరుగుతున్నది. ఎవరి మీదా కోపంతో అనడం లేదు. జానపద పాటకు ట్రాక్ చేసేవాళ్ళకు టైము తక్కువ, ఇచ్చే డబ్బు తక్కువ.

రెండో సంగతి వేగం. మిడిలో వేగం ఎంతైనా మార్చవచ్చని అమ్మేవాళ్ళు చెబుతారు. స్వరం చెడని మాట నిజమే, నడక మాత్రం చెడుతుంది. స్వీడన్‌లో ఆండర్స్ ఫ్రైబెర్గ్, ఆండ్రియాస్ సండ్‌స్ట్రోమ్ జాజ్ రికార్డింగుల్లో డ్రమ్మర్ల తాళాన్ని కొలిచి 2002లో ఒక పరిశోధన ప్రచురించారు. జంట దెబ్బల్లో మొదటి దాని నిడివి రెండో దానికి ఎన్ని రెట్లు అని చూశారు. నిదానపు పాటల్లో అది మూడున్నర రెట్ల దాకా పోయింది. వేగం పెరిగిన కొద్దీ తగ్గుతూ దాదాపు సమానమైంది. అంటే చెయ్యి రబ్బరు పట్టీలా ఒకే తీరున సాగదు, వేగాన్ని బట్టి తన నడకనే మార్చుకుంటుంది. మా దగ్గర కూడా అంతే. బతుకమ్మ చుట్టూ తిరుగుతూ పాట మొదలైనప్పటి చప్పట్లు వేరు, పొద్దుపోయాక ఆట జోరందుకున్నప్పటి చప్పట్లు వేరు. అందుకే నిదానంలో ఒకసారి, నడిమి వేగంలో ఒకసారి, జోరులో ఒకసారి విడివిడిగా వాయింపజేస్తేనే మిడి ట్రాకుకు న్యాయం జరుగుతుంది.

మూడో సంగతి అతుకులు. చాలాసేపు వాయించిన వాయింపును కోసి అతికేటప్పుడు సాఫ్ట్‌వేర్ కార్డును చూస్తుంది, ఆవర్తంలో స్థానాన్ని చూస్తుంది. కానీ వాద్యకారుడు ఒక ఫిల్లును ఎక్కడ మొదలుపెట్టాలనుకున్నాడో, దాన్ని ఎక్కడ దించాడో ఆ ముక్కకు తెలియదు. కత్తిరింపు ఎత్తుగడ మధ్యలో పడితే, మాట సగంలో మింగేసినట్టు ఉంటుంది. ముక్తాయింపు మీద ఇంత శాస్త్రం కట్టుకున్న సంగీతం మనది. ఈ లోపం మన చెవికి ముందుగా తగులుతుంది.

మన వాద్యాలకు చోటు

1991లో జనరల్ మిడి అనే ప్రమాణం వచ్చింది. ఏ నంబరు నొక్కితే ఏ ధ్వని రావాలో అన్ని కంపెనీలూ ఒప్పుకున్న పట్టిక అది. 128 ధ్వనుల్లో 105వది సితార్, 112వది షెహనాయ్. తాళవాద్యాల పట్టికలో 47 ధ్వనులున్నాయి. బాంగో, కాంగా, బ్రెజిల్ వాళ్ళ క్వీకా కూడా ఉన్నాయి. తబలా లేదు, మృదంగం లేదు, ఢోలక్ లేదు. డప్పు ఊసే లేదు. అందుకే ఒక కీబోర్డ్‌లో ఢోలక్ కోసం చేసిన ట్రాకును ఇంకో కంపెనీ కీబోర్డ్‌లో పెడితే కాంగా మోగుతుంది. మన ట్రాకులు ఊరు దాటలేకపోవడానికి ఇదొక కారణం.

పట్టికలో చోటు దొరికినా చాలదు. తబలా డగ్గా మీద మణికట్టు జారిస్తే స్వరం పైకి ఎక్కుతుంది. మిడిలో దాన్ని పిచ్ బెండ్‌తో చెప్పాలి. అందులో 16,384 మెట్లున్నాయి కాబట్టి సన్నదనానికి లోటు లేదు. అయితే ఆ బెండు ఛానల్‌లోని స్వరాలన్నిటినీ ఒకేసారి జరుపుతుంది. ఒక్కో స్వరాన్ని విడిగా జరిపే ఎంపీఈ పద్ధతిని 2018లో ప్రమాణంగా ఒప్పుకున్నారు. 2020లో వచ్చిన మిడి 2.0 దెబ్బ జోరును 128 మెట్ల నుంచి 65,536 మెట్లకు పెంచింది. దారి తెరుచుకున్నది, కానీ మన దగ్గర వాడుతున్న పరికరాల్లో ఎక్కువ భాగం ఇంకా పాత దారిలోనే ఉన్నాయి.

డప్పు సంగతి ఇంకా వేరు. కుడిచేతి సిర్ర, ఎడమచేతి సిటికెన పుల్ల రెండూ రెండు నంబర్లుగా రాసుకోవచ్చు. కానీ డప్పును మంట మీద కాచినకొద్దీ తోలు బిగుసుకొని గొంతు మారుతుంది. ఊరేగింపు మధ్యలో ఆగి మళ్ళీ కాచుకుంటారు. ఆ మారే గొంతును బట్టి చెయ్యి కూడా తన జోరును మార్చుకుంటుంది. రబ్బరు ప్యాడ్ మీద డప్పు కళాకారుణ్ణి వాయించమంటే, ఎదురు జవాబివ్వని తోలు మీద వాయించినట్టే. చెయ్యి తడబడుతుంది. ఆ తడబాటును మనం డప్పు అని దాచుకుంటాం. ఈ చిక్కును గుర్తించినవాళ్ళు అసలు వాద్యానికి దగ్గరగా ఉండే సాధనాల కోసం ప్రయత్నించారు. 2002లో ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయంలో అజయ్ కపూర్, ఆయన సహచరులు ఈ-తబలా అనే పరికరం చేశారు. తబలా ఆకారంలోనే ఉండి, వేళ్ళు పడిన చోటును, నొక్కిన బలాన్ని పసిగట్టి మిడిగా పంపుతుంది. ఇలాంటి పని డప్పుకు, ఒగ్గు డోలుకు జరగాలి.

మన సంగీతానికి సహవాద్య యంత్రాలు వేరే దారిలో కూడా వచ్చాయి. కార్డులు మన పద్ధతి కాదు కదా. మనకు కావలసింది శ్రుతి, తాళం. బెంగళూరులో జి. రాజ్ నారాయణ్ స్థాపించిన రాడెల్ సంస్థ ఎలక్ట్రానిక్ తంబురాను, తాళాల పెట్టెను తయారు చేసి ఇంటింటికీ చేర్చింది. ఇప్పుడు ఐతబలా ప్రో వంటి ఫోన్ యాప్‌లు అసలు తబలా, తంబురా ధ్వనులతో ఆ పని చేస్తున్నాయి. కంపెనీలు మన దేశం కోసం ప్రత్యేకంగా కీబోర్డులు తెచ్చాయి. యమహా పీఎస్‌ఆర్-ఐ వరుసలో తబలా, ఢోలక్ ధ్వనులు, కహర్వా, దాద్రా వంటి స్టైళ్ళు ఉంటాయి. అరబ్బు దేశాల కోసం అదే కంపెనీ పీఎస్‌ఆర్-ఏ వరుసను చేసింది. మన రాగాల వంటి అక్కడి మఖామ్‌లకు కావలసిన పావు స్వరాలను ఒక్క బటన్‌తో దించుకునే ఏర్పాటు అందులో ఉంది. ఒక సంగీతం గట్టిగా అడిగితే కంపెనీలు వింటాయని అది రుజువు చేసింది.

మన ఇండియా కీబోర్డుల్లో ఉన్న చేతులు ఎక్కువగా హిందీ సినిమా పాట, గజల్, భాంగ్రా వైపువి. తెలంగాణ దరువు కావాలంటే మా కీబోర్డ్ పిల్లలు తామే ప్రోగ్రామింగ్ చేసుకుంటారు, లేదా ఎవరో చేసిన తీన్మార్ టోన్‌లను పెన్‌డ్రైవ్‌లో ఎక్కించుకుంటారు. వాళ్ళ శ్రద్ధకు చేతులెత్తి మొక్కాలి. ఏ కంపెనీ ఇవ్వని దాన్ని వాళ్ళు ఇస్తున్నారు. కానీ ఆ ఫైళ్ళ లోపల ఉన్నది చాలావరకు గీసిన లయే.

యంత్రానికి నేర్పిన లయ

ఇటీవలి ఏళ్ళలో ఇంకో దారి తెరుచుకుంది. మనుషులు వాయించిన మిడిని ముక్కలుగా అతకకుండా, దాన్ని చదివి నేర్చుకొని కొత్తగా వాయించే ప్రోగ్రాములు వచ్చాయి. గూగుల్ మాజెంటా బృందం 2019లో గ్రూవ్ మిడి అనే సేకరణను అందరికీ ఇచ్చింది. పది మంది డ్రమ్మర్లు రోలాండ్ ఎలక్ట్రానిక్ డ్రమ్స్ మీద వాయించిన 13.6 గంటల మిడి అది. బోసిగా గీసిన లయను ఇస్తే దానికి మనిషి నడకను అద్దే ప్రోగ్రామును అందులోంచి నేర్పారు. అదే బృందం విడుదల చేసిన మాస్ట్రో సేకరణలో పియానో పోటీల్లో పాల్గొన్నవాళ్ళ వాయింపులు సుమారు 200 గంటలు ఉన్నాయి. అవి యమహా డిస్క్‌లావియర్ పియానోల మీద నేరుగా మిడిగా పట్టినవి.

మన సంగీతం విషయానికొస్తే, బార్సిలోనాలోని పొంపెయు ఫాబ్రా విశ్వవిద్యాలయంలో జేవియర్ సెర్రా 2011లో మొదలుపెట్టిన కంప్‌మ్యూజిక్ ప్రాజెక్టు కర్ణాటక, హిందుస్తానీ సంగీతాలను కూడా తీసుకుంది. ఐఐటీ మద్రాసు అందులో భాగస్వామి. సరాగ అనే వాళ్ళ సేకరణలో కొన్ని కర్ణాటక కచేరీలకు గాత్రం, వయొలిన్, మృదంగం వేర్వేరు ట్రాకులుగా ఉన్నాయి. ఇది మిడి కాదు, ధ్వని. కానీ గాయకుడు ఏం చేసినప్పుడు మృదంగం ఏం చేసిందో విడదీసి చూడగలిగే అవకాశం అందులో ఉంది.

ఇక్కడ ఒక్క తేడాను పట్టుకోవాలి. గ్రూవ్ మిడి డ్రమ్మర్లు వాయించింది మెట్రోనోమ్ క్లిక్‌కు. మాస్ట్రో పియానో కళాకారులు ఒంటరిగా వాయించారు. సరాగలోని మృదంగ విద్వాంసులు మాత్రం ఒక మనిషి పాడుతుంటే వాయించారు. సహవాద్యం అనే మాట అసలు వర్తించేది ఈ మూడోదానికే.

వినే యంత్రాలు

అలా పాడే మనిషిని వినే చెవి గురించి ఎవరూ ఆలోచించలేదని కాదు. 1984లో రోజర్ డానెన్‌బర్గ్, బ్యారీ వెర్కో అనే ఇద్దరు పరిశోధకులు ఒకరితో ఒకరికి సంబంధం లేకుండా, వాద్యకారుణ్ణి వింటూ వెంట నడిచే కంప్యూటర్ సహవాద్యాన్ని ప్రకటించారు. పాడే లేదా వాయించే మనిషి ఎక్కడున్నాడో స్వరలిపిలో వెతుక్కుంటూ, అతను ఆగితే ఆగి, ఉరికితే ఉరుకుతుంది. తర్వాత పారిస్‌లోని ఇర్కామ్ సంస్థలో అర్షియా కాంట్ ఆంటెస్కోఫో అనే ప్రోగ్రామును తెచ్చారు.

అంటే చేతిని దాచే పని ఒకచోట పెరిగింది, చెవిని తయారు చేసే పని ఇంకోచోట పెరిగింది. రెండూ ఒకే ఇంట్లో చాలా తక్కువగా కలుసుకున్నాయి. పైగా ఆ చెవికి ముందే రాసిపెట్టిన స్వరలిపి కావాలి. మా భజనలో పల్లవి ఎన్నిసార్లు తిరుగుతుందో పాడేవాళ్ళకే ముందు తెలియదు. ఊపు వస్తే ఇరవైసార్లు, నిద్ర వస్తే రెండుసార్లు.

ఒగ్గు డోలు నేర్పే పాఠం

సహవాద్యం అంటే ఏమిటో మాకు నేర్పిన కళ ఒగ్గు కథ. వేములవాడ పక్కనున్న హనుమాజీపేటను సాహిత్యం తెలిసినవాళ్ళు కవి సినారె పుట్టిన ఊరిగా గుర్తుపెట్టుకుంటారు. ఒగ్గు కథను రాష్ట్రమంతటా వినిపించిన మిద్దె రాములు ఊరు కూడా అదే. ఒగ్గు అంటే శివుడి చేతి డమరుకం లాంటి చిన్న వాద్యం. దానికి తోడుగా డోళ్ళు, తాళాలు. కథకుడు వచనం చెబుతాడు, మధ్యలో పాటెత్తుకుంటాడు, ఒక్కసారిగా అరుస్తాడు, గొంతు తగ్గించి ఏడుస్తాడు. పక్కనున్న వంతగాడు “ఆఁ” అంటాడు, ఎదురు ప్రశ్న వేస్తాడు, చివరి మాటను అందుకుంటాడు. డోలు ఈ ఇద్దరి మధ్య నడుస్తుంది. వచనంలో అది దాదాపు మౌనం. ఎల్లమ్మ కథలో పూనకం వచ్చే చోట అది పొంగుతుంది. ఎక్కడ మౌనంగా ఉండాలో తెలియడమే డోలు కళాకారుడి విద్యలో సగం.

శివరాత్రి జాగరణ నాడు వేములవాడలో ఆ డోలు వినాలి. దేవుడు పూనిన శివసత్తులు ఊగుతూ వస్తుంటే డోలు కొట్టేవాళ్ళ కళ్ళు తమ చేతుల మీద ఉండవు, ఊగే మనిషి పాదాల మీద ఉంటాయి. పాదం తడబడితే దరువు నిదానిస్తుంది. మనిషి కూలబడితే దెబ్బ ఆగిపోతుంది. ఆ దరువును క్లిక్‌కు వాయింపజేసి మిడిగా దాచుకుంటే మనకు దరువు దొరుకుతుంది. ఆ చూపు దొరకదు.

దీన్ని మేము చేసి చూశాం. కరీంనగర్‌లో తెలిసినవాళ్ళ దగ్గర చేతివేళ్ళతో కొట్టే ప్యాడ్ ఒకటి అడిగి తెచ్చి, ల్యాప్‌టాప్‌కు కలిపి, మా ఢోలక్ పెద్దాయన ముందు పెట్టాం. చెవులకు హెడ్‌ఫోన్ పెట్టి, క్లిక్ వినిపించి, దాద్రా కొట్టమన్నాం. ఒక నిమిషం కొట్టి ఆపేశాడు. “ఇది ఎవలకు కొట్టాలె బిడ్డా?” అని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. క్లిక్ తీసేసి మండలిని కూర్చోబెట్టి పాట మొదలుపెట్టాం. ఆయన మొహం విప్పారింది. పాట అయ్యాక రెండు వాయింపులనూ తెర మీద ఒకదాని కింద ఒకటి పెట్టి చూశాను. క్లిక్‌కు వాయించినది చక్కగా ఉంది, ఇటుకలు పేర్చినట్టుంది. పాటకు వాయించిన దాంట్లో చరణం చివర దెబ్బలు చిన్నబోయి, పల్చబడి, ఒక చోట ఖాళీ ఉంది. ఆ ఖాళీ తర్వాత పల్లవి మొదటి దెబ్బ మిగతా అన్నిటికంటే జోరుగా ఉంది. ఆ ఖాళీ ఎక్కడ వచ్చిందో పాటతో కలిపి విన్నాను. మేమంతా దమ్ము తీసుకున్న చోటు అది.

ఆయన నిరుడు అన్న మాట తెర మీద కనబడింది. దాన్ని దాచడం మిడికి చేతనవును. కాకపోతే వాయించమన్నప్పుడు పక్కన పాడే మనిషి ఉండాలి.

కూలి, పేరు, హక్కు

చేతిని యంత్రంలో దాచే ఈ ప్రశ్నలో సంగీతం ఒక పాలు, బతుకు ఇంకో పాలు. కీబోర్డ్ రిథమ్ వచ్చాక ఢోలక్, తబలా వాళ్ళకు పిలుపులు తగ్గాయి. డీజే వచ్చాక డప్పు వాళ్ళకు తగ్గాయి. అలాంటిది, వాళ్ళ చేతినే తీసుకొని యంత్రంలో పెడదాం అంటే వాళ్ళకు భయం కలగడం సహజం. ఒక్కసారి డబ్బిచ్చి తీసుకున్న నాలుగు గంటల వాయింపు నలభై ఏళ్ళు అమ్ముడుపోవచ్చు.

చట్టం వైపు చూస్తే 1957 కాపీరైట్ చట్టానికి 2012లో చేసిన సవరణ ప్రదర్శకుల హక్కులను బలపరిచింది. తన ప్రదర్శన మీద హక్కు, తన పేరు చెప్పించుకునే నైతిక హక్కు అందులో ఉన్నాయి. అయితే ఆ చట్టంలో సౌండ్ రికార్డింగ్ అంటే ధ్వనులను రికార్డు చేయడం. మిడిలో ధ్వనే ఉండదు, చేతి కదలికే ఉంటుంది. అందువల్ల చట్టం దానంతటదే కాపాడుతుందని నమ్ముకొని కూర్చోకూడదు. ఎవరి చెయ్యి, ఎన్నేళ్ళకు, ఎక్కడెక్కడ వాడతారు, యంత్రానికి నేర్పడానికి వాడతారా, ఎంత వాటా అన్నది తెలుగులో రాసుకొని, చదివి వినిపించి సంతకం తీసుకోవాలి. జాజ్ పియానో ట్రాకులు అమ్మేవాళ్ళు కళాకారుల పేర్లు గర్వంగా ప్రకటిస్తారు. మన డోలుకు మాత్రం “తెలంగాణ ఫోక్ 3” అనే పేరు పెడితే అది న్యాయం కాదు. ఈ డోలు, ఈ డప్పు కొన్ని కులాల ఇళ్ళలో తరతరాలుగా, చిన్నచూపును భరిస్తూ నిలిచిన విద్య. పేరు తీసేయడం ఆ చిన్నచూపునే మళ్ళీ యంత్రంలోకి ఎక్కించడం.

ఏం చేయాలి?

ఇన్నిటినీ తూచి చూస్తే నా అభిప్రాయం ఇది. సహవాద్య సాఫ్ట్‌వేర్‌లో మనుషులు వాయించిన మిడి ట్రాకులు గీసిన లయ కంటే నిస్సందేహంగా మేలు. మలుచుకునే వీలు, నేర్చుకునే వీలు దృష్ట్యా చాలాసార్లు రికార్డు చేసిన ధ్వని కంటే కూడా మేలు. ఢోలక్ మనిషి లేని పల్లె మండలికి, ఒంటరిగా సాధన చేసే పిల్లకు, దేశం కాని దేశంలో బతుకమ్మ ఆడుకునే తెలుగువాళ్ళకు అది నిజమైన ఆసరా. అయితే క్లిక్‌కు వాయించిన చెయ్యి సగం చెయ్యే.

అందుకని మన వైపు ఈ పని మొదలైతే పాటతో మొదలవ్వాలి. వాద్యకారుడి మిడిని, పాడేవాళ్ళ గొంతును ఒకేసారి, వేర్వేరు ట్రాకుల్లో పట్టాలి. ఇది వచనం, ఇది ఎత్తుగడ, ఇది చరణం చివర, ఇది దమ్ము అని గుర్తులు పెట్టాలి. కనీసం మూడు వేగాల్లో వాయింపజేయాలి. క్వాంటైజ్ చేయని మూలాన్ని భద్రంగా ఉంచాలి. మిడికి తోడుగా అసలు వాద్యం ధ్వనిని కూడా దాచాలి, కాచిన డప్పునూ కాచని డప్పునూ విడివిడిగా. వరంగల్‌లో తెలుగు విశ్వవిద్యాలయానికి జానపద గిరిజన విజ్ఞాన పీఠం ఉంది. జయధీర్ తిరుమలరావు, గూడూరు మనోజ ఏళ్ళ తరబడి తిరిగి ఆద్యకళ పేరిట సేకరించిన వాద్యాలున్నాయి. ఆదిలాబాద్ గోండు గూడేల్లో దండారి, గుస్సాడీ వాద్యాలు వాయించే పెద్దలు ఇంకా ఉన్నారు. వాద్యాలను కాపాడుకున్నట్టే వాటి మీద నడిచిన చేతులను కూడా కాపాడుకోవడానికి కావలసిన సాధనం ఇప్పుడు ఒక ల్యాప్‌టాప్‌లో, ఒక ప్యాడ్‌లో ఇమిడిపోతుంది.

మా పెద్దాయన పాటకు వాయించిన ఆ ఒక్క ట్రాకును నేను దాచుకున్నాను. ఫైలుకు ఆయన పేరే పెట్టాను. ఆయన రాని రాత్రి మా కీబోర్డ్ పిల్లవాడు దాన్ని వేస్తాడు. చరణం చివర ఆ ఖాళీ వస్తుంది. అది ఎప్పుడు వస్తుందో ఇప్పుడు మాకందరికీ తెలుసు కాబట్టి, మేమే దాంతో కలిసి దమ్ము తీసుకుంటాం. ఆయన వచ్చిన రాత్రి ఆ పని ఆయన చూసుకుంటాడు.